అల్లుడుగారూ, పిల్లి దొరికిందండీ!

అమెరికా ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయనున్నారు. పదమూడేళ్లుగా గ్రీన్‌కార్డ్ లైన్లో నిలబడి, ఆ లైన్లోంచే అమెరికా సరిహద్దు కాపలా కాస్తుంటారు. తా దూర కంత లేదు గానీ మెడకో డోలు. మొన్న మళ్లీ ఆ పాత ఫార్వర్డే పెట్టారు, పక్కనున్న స్ప్రింగ్‌ఫీల్డ్‌ ఊళ్లో, హైతీ దేశం నుంచి వలసొచ్చిన వాళ్లు పిల్లుల్ని తినేస్తున్నారట, కింద "మేలుకో అమెరికా" అని. తెలుగులో! అమెరికా చదువుకుని మేలుకుంటుంది పాపం.

స్ప్రింగ్‌ఫీల్డ్ మాకు గంట దూరం. ఒకప్పుడు 80 వేలు దాటిన జనాభా, ఫ్యాక్టరీలు మూతపడి 60 వేల లోపుకొచ్చింది. తర్వాత కొత్త కంపెనీలొచ్చాయి, పనికి మనుషుల్లేరు, హైతీ వాళ్లొచ్చి చేరారు, సిటీ లెక్కలో 12 నుంచి 20 వేల మంది. క్లినిక్‌లో క్యూలు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, అవన్నీ నిజం బాధలే. కానీ వాటి గురించి మాట్లాడాలంటే కాస్త చదవాలి కదా, పిల్లికైతే ఒక ఫార్వర్డ్ చాలు.

ఇక మన అల్లుడుగారు. అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి గారి పెద్దలది పశ్చిమ గోదావరి వడ్లూరు, కాబట్టి వాన్స్ గారు మనకి అల్లుడు, అల్లుడు ఏం మాట్లాడినా మర్యాదలు తప్పవు. 2024 ఎన్నికల్లో ఈ పిల్లి కథని ఆయనా ప్రచారం చేశారు. సాక్ష్యం ఏదండీ అంటే, తన పిల్లిని హైతీ పక్కింటోళ్లు ఎత్తుకెళ్లారేమోనని ఒకావిడ పెట్టిన పోలీసు రిపోర్ట్‌ని ఆయన మనుషులు పేపరు వాళ్లకి ఇచ్చారు. విలేకరి ఆ ఇంటికెళ్తే తేలిందేంటయ్యా అంటే, పిల్లి పోయిన కొన్ని రోజులకే దొరికేసింది, ఎక్కడ? ఆవిడ సొంత బేస్‌మెంట్‌లో! అంటే 2024 సెప్టెంబర్ 10న ట్రంప్ డిబేట్‌లో "పిల్లుల్ని తింటున్నారు" అని అరుస్తుంటే, కోట్లమంది నోరెళ్లబెట్టి చూస్తుంటే, ఆ పిల్లి బహుశా సోఫా మీద పడుకుని తన చావు వార్త తనే టీవీలో వింటూ ఉండుంటుంది. ఆ ఇంటావిడ మాత్రం, ట్రంప్ టోపీ పెట్టుకునే మనిషే, కూతురి సాయంతో ఫోన్లో ట్రాన్స్‌లేషన్ యాప్ పెట్టుకుని హైతీ పక్కింటోళ్లకి సారీ చెప్పింది. ఈ మొత్తం వ్యవహారంలో సారీ చెప్పిన మనిషి నాకు కనపడింది ఈవిడొక్కతే. అల్లుడుగారేమో మీడియా పట్టించుకోవాలంటే కథలు అల్లాల్సొచ్చినా అల్లుతానని సిఎన్ఎన్‌లో చెప్పేశారు. పేరులోనే ఉంది కదండీ, అల్లుడని.

ఆ అల్లిక ఖరీదెంతో తెలుసా? 33 బాంబు బెదిరింపులు. అన్నీ ఉత్తుత్తివే, కానీ బళ్లు ఖాళీ చేయించారు, చిన్న చిన్న పిల్లల్ని బయటికి తోలారు. అదే ఊళ్లో పుట్టిన అప్పటి ఒహాయో గవర్నర్ డివైన్, అల్లుడుగారి పార్టీ మనిషే, ఇదంతా అబద్ధం బాబోయ్ అని మొత్తుకున్నాడు. ఎవడు విన్నాడు!

"మనం లీగల్ కదా బాబూ" అంటారు పెద్దాయన. అప్పటికి ఆ హైతీ వాళ్లలోనూ ఎక్కువమందీ లీగలే సార్! 2017లో కాన్సస్ ఒలేతాలో మన హైదరాబాద్ కుర్రాడు ఆఫీసయ్యాక బార్‌లో కూర్చుని బీరు తాగుతుంటే "నా దేశంలోంచి పో" అని ఒకడు కాల్చి చంపాడు. ఆ కాల్చినవాడు మనవాళ్లని ఇరాన్ వాళ్లనుకున్నాడు. వీసా ఏదని అడిగాడు కూడా. హెచ్-1బీ స్టాంప్ చూసి తుపాకీ దించాడా? అప్పుడు ఇదే గ్రూపులో కొవ్వొత్తి బొమ్మలు పెట్టి ఏడ్చాం కదా, సిగ్గుండక్కర్లా మనకి?

ఇదంతా గ్రూపులో టైప్ చేసి పెట్టా. పెద్దాయన గంట తర్వాత రిప్లై ఇచ్చారు.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటండీ?"