ఆఫ్రా బెన్‌ని గూఢచారి కథ దగ్గరే వదిలేయకండి

ఆఫ్రా బెన్ గురించి ఎవరు రాసినా రెండే మాటలు. కలం మీద బతికిన తొలి ఇంగ్లీషు స్త్రీలలో ఒకరు, 1666లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కోసం ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ వెళ్లి గూఢచర్యం చేసింది. రెండూ నిజమే. రాజుగారి దగ్గర్నుంచి డబ్బు రాక అప్పులపాలైందన్నదీ నిజమే. కానీ అక్కడితో ఆపేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రేమ గురించి ఈవిడ ఏమందో ఎవరూ చెప్పరేం?

1677లో లండన్‌లో ఆడిన 'ది రోవర్' నాటకం చూడండి. కథంతా ఇటలీలోని నేపుల్స్‌లో, జనం వేషాలు వేసుకుని తిరిగే కార్నివాల్ పండుగ రోజుల్లో. హెలెనాని మఠంలో సన్యాసినిగా చేర్చాలని ఇంట్లో నిర్ణయించేశారు. ఆ పిల్ల జిప్సీ వేషం వేసుకుని వీధిలోకొచ్చి, విల్మోర్ అనే తిరుగుబోతుని తనే ఎంచుకుంటుంది. ప్రేమ ఉంటే చాలు, పెళ్లెందుకు అంటాడు వాడు. అయితే చివరికి నాకు దక్కేదేమిటి, ఉయ్యాల నిండా గోల, వీపు మీద పశ్చాత్తాపం మూట, అంతేనా అంటుంది హెలెనా. నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వులో ఎంత లెక్క ఉందో! ప్రేమకి ఇద్దరూ కావాలి, బిడ్డని మోయడానికి మాత్రం ఒక్కతే. ఆఖర్లో ఒకరి పేరొకరు అడిగినప్పుడు వాడు 'నిలకడ గల రాబర్ట్'నంటే, ఆమె 'నిలకడ లేని హెలెనా'నంటుంది. వాడి అబద్ధానికి అంతకంటే మంచి జవాబు లేదు.

నాకు మాత్రం ఈ నాటకమంటే ఏంజెలికా బియాంకాయే. ఆమె వేశ్య. ఇంటి బయట తన బొమ్మ వేలాడదీసి, నెలకి వెయ్యి క్రౌన్లని ధర చెప్పింది. చేతిలో డబ్బు లేని విల్మోర్ వచ్చి, ప్రేమని అమ్ముకోవడం తప్పని నీతులు చెబుతాడు. ఆమె ఒకటే అడుగుతుంది: మీకు సంబంధం వచ్చినప్పుడు పిల్ల అందం, తెలివి, గుణం అడుగుతారా, ఆస్తి ఎంతని అడుగుతారా? తక్కువైతే, ఆమె మీకోసం కుమిలిపోతున్నా వదిలేసి పోరా? మరి ఆ నేరం మీదీ కాదా? అది అనాగరికమైన ఆచారమేనని విల్మోర్ ఒప్పుకోక తప్పలేదు. కట్నం బేరాలు వింటూ పెరిగినదాన్ని, ఈ ఘట్టం నేను మామూలుగా చదవలేను.

ఇదే నాటకంలో, తప్పతాగిన విల్మోర్ హెలెనా అక్క ఫ్లోరిండా మీద చెయ్యి వేసే దృశ్యాన్ని ఆఫ్రా హాస్యంగా నడిపించింది. దాన్ని నేను సమర్థించను.

ఆవిడ రాతలు బూతులని అప్పట్లోనే గోల చేశారు. 1678లో 'సర్ పేషెంట్ ఫ్యాన్సీ' అచ్చు వేస్తూ ఆవిడ సూటిగా చెప్పింది: మగ రచయితలు రాస్తే క్షమించదగ్గ చిన్న తప్పు, ఆడది రాస్తే మాత్రం ప్రకృతి విరుద్ధమా అని. 1687లో అచ్చయిన 'ది లక్కీ ఛాన్స్' ముందుమాటలో, ముందువాళ్లు నడిచిన దారిలో నడిచే హక్కు నాలోని కవికీ ఇవ్వండి, వీరుడిగా పుట్టినవాడు కోరినంతగా నేనూ కీర్తిని కోరతాను అంది. బతిమాలుతూ చెప్పిన మాటలు కావవి. ఆవిడ్ని 'బరితెగించిన రచయిత్రి' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ ముందుమాటలైనా చదవాలి.

ప్రేమ మీద ఆవిడ అభిప్రాయం ఒక్కచోట ఆగలేదు కూడా. 1681లో 'ది రోవర్' రెండో భాగం మొదలయ్యేసరికే హెలెనా చనిపోయి ఉంటుంది. ఈసారి విల్మోర్‌తో వెళ్లేది లా నూష్ అనే వేశ్య, అదీ పెళ్లి లేకుండా. మొదటి భాగంలో పెళ్లి కోసం పట్టుపట్టిన అమ్మాయిని రాసిన చెయ్యే ఇదీ రాసింది. ఆఫ్రా మనసు మార్చుకుందని కొందరంటారు. నాకైతే రెండు దారులూ నడిచి చూసినట్టు అనిపిస్తుంది. రెండింటిలోనూ ఎక్కువ మూల్యం ఆడదే చెల్లిస్తుంది.

మొదటి భాగం చివర్లో ఏంజెలికా పిస్తోలు పట్టుకుని విల్మోర్ దగ్గరికొస్తుంది. చంపదు. వేరొకడు అతణ్ని కాల్చబోతే ఆపుతుంది కూడా. ఆ తర్వాత వెళ్లిపోతుంది. మూడు జంటలకి పెళ్లిళ్లు కుదిర్చిన ఆఫ్రా, ఆమెకి మాత్రం ఎవర్నీ జత చేయలేదు. ఇంగ్లీషులో రాస్తే ఏంజెలికా బియాంకా, ఆఫ్రా బెన్, ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలూ ఒకటే.