నీళ్ల శాంపిల్ ఒక్కటే చాలదు, అడుగు బురద కూడా తీయండి

విశాఖ ఎయిర్‌పోర్టు వైపు వెళ్తుంటే గెడ్డ (వాగు) పక్కన మడ చెట్లు కనిపిస్తాయి. మనలో చాలామందికి అదొక పనికిరాని బురద, కంపు కొట్టే చోటు, అంతే. కానీ ఈ ఊరి హార్బర్ పుట్టిందే అలాంటి నేలలోంచి. 1933లో పోర్టు మొదలైంది, లోపలి హార్బర్‌ని ఆటుపోట్లొచ్చే చిత్తడిని తవ్వే తీశారు. తర్వాత రిఫైనరీ, ఎరువులు, జింక్, మొన్నమొన్నటి ఫార్మా వరకు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, వాటి జీతాలతోనే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, అది మేం కాదనం.

మా బాధల్లా వాటి మురుగు ఎక్కడికి పోతోందని. చిత్తడి నేల నీటిని నెమ్మదింపజేసి, అందులోని మట్టినీ మలినాన్నీ వేళ్ల దగ్గర పట్టి ఉంచుతుంది, అదే దాని గొప్పతనం, అదే దాని ప్రాణం మీదకి తెస్తోంది. సేంద్రియ వ్యర్థాలైతే కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తాయి, చేపలు తేలిపోతాయి, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి గొడవ అవుతుంది, నలుగురు అధికారులొస్తారు. లెడ్, కాడ్మియం లాంటి విష లోహాలు అలా కాదు, అవి కుళ్లవు, విరగవు, బురదలో దిగి కూర్చుంటాయి, పురుగులోకి, పీతలోకి, చేపలోకి, చివరికి మన కంచంలోకి వస్తాయి. ఫ్యాక్టరీ మూసేసినా అవి అక్కడే ఉంటాయి, డ్రెడ్జింగ్ చేస్తే, అంటే అడుగు బురద తవ్వితీస్తే, మళ్లీ పైకి లేస్తాయి.

మరి మనం చెక్ చేసేదేంటి? ఎక్కువగా ఆ రోజు పారుతున్న నీళ్లు. ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి బాగుందంటే సరిపోతుందా, నిన్న రాత్రి వానలో ఏం వదిలారో ఆ సీసా చెబుతుందా? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 చోట్లని తీవ్ర కాలుష్య ప్రాంతాలని తేల్చింది, అందులో విశాఖ ఉంది. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విష వాయువు లీకై 12 మంది ప్రాణాలు పోయినప్పుడు, పక్కనే ఉన్న మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీళ్లు తాగొచ్చా లేదా అని ఊరంతా భయపడింది. ఇన్ని చూశాక కూడా అడుగు మట్టి లెక్క జనం ముందుకి ఎందుకు రాదు?

కొండకర్ల ఆవ అనే మంచినీటి చెరువులో ఇంకా తామరలున్నాయి, చలికాలం వలస పక్షులొస్తున్నాయి, తాటి దోనెలు తిరుగుతున్నాయి. ఫ్యాక్టరీల కోసం కేటాయించిన అచ్యుతాపురం సెజ్ అక్కడికి ఎంతో దూరం లేదు. పాడయ్యాక కమిటీ వేసే కన్నా ఇప్పుడే లెక్క రాసిపెట్టుకోవాలి, రేపు తేడా వస్తే ఎప్పుడొచ్చిందో తెలియాలి కదా.

మేం అడిగేది ఇదే. ఏటా వానలకి ముందొకసారి, తర్వాతొకసారి గెడ్డలు, ఆవ, హార్బర్ అడుగు బురద తీసి పరీక్ష చేయండి, ఆ రిపోర్టు తెలుగులో ఊరి సచివాలయం గోడకి అంటించండి. దోనె మీద చేప పట్టే మనిషి అది చదివి, ఇవాళ్టి చేప ఇంటికి తీసుకెళ్లాలా వద్దా తనే తేల్చుకోగలగాలి.