చలిలో ‘చ’ వేరు, చరిత్రలో ‘చ’ వేరు

తెలుగును రాసినట్టే చదువుతాం కాబట్టి కంప్యూటర్‌కు అక్షరాన్ని ధ్వనిగా మార్చడం నేర్పడం తేలికేనని ఈ విషయంపై వచ్చిన ఒక వ్యాసంలో రచయిత అన్నారు. అంత తేలిక కాదండీ. ‘చలి’, ‘చాప’ అనేటప్పుడు నాలుక కొన పళ్ల వెనక తగిలి దాదాపు ‘త్స’ పలుకుతుంది. ‘చరిత్ర’, ‘చక్రం’లో అది తాలవ్యమే, అంటే నాలుక అంగిలికి తగిలి పలికేదే. పక్కనున్న అచ్చు ఒకటే కనుక ఒక్క సూత్రం రాసి చేతులు దులుపుకోలేం; మాట అచ్చతెలుగో సంస్కృతమో నిఘంటువులో గుర్తు పెట్టాల్సిందే. పళ్ల దగ్గర పలికే దంత్య ‘చ’, ‘జ’లకు ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణంలో) 2008 నుంచీ ఉన్నాయి, వాడేవారేరీ! ఇక ‘వచ్చాడు’లో రెండో అచ్చు చాలామంది నోట ‘బ్యాంకు’లోది, ‘పాడు’లోది కాదు. నా ఫోనులో వార్తలు చదివే గొంతు దాన్ని నిండు ‘ఆ’గా సాగదీస్తుంటే చెవికి గుచ్చుకుంటుంది.