2.9 శాతంతో కొలవగలమా?

1990 మార్చి 18న తూర్పు జర్మనీ పార్లమెంటుకు స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. ఆ దేశ చరిత్రలో అలాంటివి అవే మొదలు, అవే ఆఖరు. 1989లో కమ్యూనిస్టు పాలనను ప్రశ్నించిన పౌర ఉద్యమం న్యూ ఫోరం ఉన్న బుండ్‌నిస్ 90 కూటమికి 2.9 శాతం ఓట్లు, 400 సీట్లలో 12 దక్కాయి. 'ఉద్యమం చేసినవాళ్లకు రాజకీయం రాదు' అనేవాళ్లు ఇప్పటికీ ఈ లెక్కే చూపిస్తారు. ఆ తీర్పుతో మేం ఏకీభవించం.

1989 సెప్టెంబరులో బెర్లిన్ శివార్లలోని గ్రూన్‌హైడెలో ముప్పై మంది కలిసి న్యూ ఫోరంను ప్రారంభిస్తూ ఒక విజ్ఞప్తి మీద సంతకాలు చేశారు. వారిలో చిత్రకారిణి బేర్బెల్ బోలే, శాస్త్రవేత్త యెన్స్ రైష్ ఉన్నారు. ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య మాటలే లేకుండా పోయాయన్నది అందులోని ప్రధాన ఫిర్యాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే హంగరీ ఆస్ట్రియా వైపు సరిహద్దు తెరిచింది. వేలమంది దేశం విడిచి వెళ్లిపోతున్నారు. వీళ్లు మాత్రం 'ఇక్కడే ఉంటాం, ఇక్కడే మాట్లాడతాం' అన్నారు.

అంతకన్నా తెలివైన పని, రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టడం. దానికి ఆధారం ప్రభుత్వం సొంత రాజ్యాంగంలోని 29వ అధికరణే. సంఘాలు పెట్టుకునే హక్కు కాగితం మీద ఉంది కదా, ఇవ్వండి అన్నారు. అలాంటి సంఘం సమాజానికి అవసరం లేదని, పైగా అది రాజ్య వ్యతిరేకమని హోం శాఖ తేల్చేసింది. ఎవరి అవసరాన్ని ఎవరు తేల్చాలి? విజ్ఞప్తి చేతులు మారుతూ ఊరూరా తిరిగింది. ఏడాది చివరికి సుమారు 2 లక్షల సంతకాలు పడ్డాయి. అక్టోబరు 9న లైప్‌జిగ్‌లో 70 వేల మంది రోడ్డెక్కారు. న్యూ ఫోరంకు అనుమతి ఇవ్వాలన్నది అప్పటి ఊరేగింపుల్లో ఒక నినాదం. నవంబరు 8న ప్రభుత్వం దిగివచ్చి దానికి గుర్తింపు ఇచ్చింది. మర్నాడు రాత్రే బెర్లిన్ గోడ తెరుచుకుంది.

తప్పులు లేవని కాదు. పార్టీగా మారాలా వద్దా అని నెలల తరబడి తర్జనభర్జన పడ్డారు, కొందరు విడిపోయి వేరే పార్టీ పెట్టుకున్నారు. పశ్చిమ జర్మనీ మార్కు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న జనానికి సోషలిజాన్ని సంస్కరించుకుందామనే మాట రుచించలేదు. పశ్చిమ జర్మనీ చాన్సలర్ హెల్ముట్ కోల్ పార్టీ దగ్గర డబ్బూ ఉంది, జవాబూ ఉంది. జనం అటు వెళ్లడంలో వింతేముంది?

కానీ స్టాసి రహస్య పోలీసుల ఫైళ్ల సంగతి చూడండి. 1990 జనవరి 15న స్టాసి ప్రధాన కార్యాలయం ముందుకు జనాన్ని పిలిచింది న్యూ ఫోరమే. రెండు జర్మనీల ఏకీకరణ ముంగిట ఆ ఫైళ్లు బాన్‌లోని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం చేతికి వెళ్తాయనిపించినప్పుడు, సెప్టెంబరులో బోలే తదితరులు అదే భవనాన్ని మళ్లీ ఆక్రమించి నిరాహార దీక్షకు కూర్చున్నారు. 1991 డిసెంబరులో చట్టం వచ్చింది. తన మీద ఎవరు ఏం రాశారో సామాన్యుడు చదువుకునే వీలు 1992 జనవరి నుంచి కలిగింది. ఆ పట్టు పట్టింది ఓట్లు రాని వాళ్లే.