వైఫై కెమెరాలు కొనొద్దంటున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

అనంతపురంలో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, షాపుల వాళ్ల గ్రూపుల్లో, ఆఖరికి చీనీ (బత్తాయి) రైతుల గ్రూపుల్లో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. నెట్‌కు తగిలించే కెమెరాలు, వైఫై కెమెరాలు కొనకండి, హ్యాక్ చేసి మీ ఇల్లు చూస్తారు, నెట్ పోతే రికార్డు ఆగిపోతుంది, కరెంటు పోతే గుడ్డివే, నెలనెలా డబ్బు కట్టాలి, వాటి వీడియో కోర్టులో చెల్లదు, పోలీసులే వద్దంటున్నారు, పాత డీవీఆర్ కెమెరాలే (అంటే కేబుళ్లతో వీడియో దాచే ఒక డబ్బాకు కలిపేవే) మేలు, పది మందికి పంపండి. ఇదీ సారాంశం. పంపేవాళ్లు మంచికే పంపుతున్నారు, కాదనను. కానీ ఇందులో కొన్ని శుద్ధ తప్పులు, మిగతావి డీవీఆర్‌కూ అంతే వర్తిస్తాయి.

ముందు ఒక గందరగోళం తీసేయాలి. రాసినాయన నెట్‌వర్క్ కెమెరా అంటే వైఫై కెమెరానే అనుకున్నట్టున్నాడు. కాదు. ఐపీ కెమెరా అంటే వీడియోను నేరుగా నెట్‌వర్క్‌లోకి పంపే కెమెరా, 1996 నుంచి మార్కెట్లో ఉన్నదే, అది వైరు మీద పంపొచ్చు, వైఫైలో పంపొచ్చు. వైరు మీదైతే పీఓఈ పద్ధతి ఉంది, ఒకే లాన్ కేబుల్‌లో కరెంటూ వీడియో రెండూ 100 మీటర్ల దాకా వెళ్తాయి. పాత పద్ధతిలో ప్రతి కెమెరా నుంచి డీవీఆర్ దాకా విడిగా కేబుల్ లాగాలి. ఇందులో పై అంతస్తులో ఒక నెట్‌వర్క్ స్విచ్ (లాన్ కేబుళ్లన్నీ కలిపే డబ్బా) పెట్టి, అక్కడి కెమెరాలన్నీ దానికి కలిపి, కిందికి ఒక్క కేబుల్ దించితే పని అయిపోతుంది. బొమ్మ మాత్రం డీవీఆర్‌కు తగిలించే ఇప్పటి అనలాగ్ హెచ్‌డీ కెమెరాల్లోనూ బాగానే ఉంటుంది, ఆ విషయంలో లేని గొప్పలు చెప్పను.

ఇక హ్యాకింగ్. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల పరికరాల్లోకి దూరింది, ఆ అక్టోబర్ 21న వాటితో, వెబ్‌సైట్లకు దారి చూపించే డైన్ అనే కంపెనీ సర్వర్ల మీద దాడి చేస్తే అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. అది ఎట్లా దూరిందంటే, కంపెనీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను జనం మార్చకుండా వదిలేస్తారు కదా, వాటిని ఒక చిన్న జాబితాగా పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టి చూసింది, అంతే. మెసేజ్‌లో చెప్పని సంగతి ఏమిటంటే, అట్లా చిక్కిన పరికరాల్లో ఐపీ కెమెరాలతో పాటు డీవీఆర్‌లు కూడా బోలెడు! ఫోన్‌లో చూసుకోవడానికి మీ డీవీఆర్‌ను నెట్‌కు కలిపారా? అయితే మీదీ అదే బాపతు. పైగా కొందరు టెక్నీషియన్లు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి నేరుగా లోపలికి దారి) పెట్టి, 12345 పాస్‌వర్డ్ అట్లాగే ఉంచి వెళ్లిపోతారు. అంతకన్నా తలుపు తీసి పెట్టడం ఇంకొకటి లేదు.

మన ప్రభుత్వం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి తెచ్చింది. కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ (ఈ పరీక్షలు చూసే ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్ ఉందా అని అడగండి, తెల్లముఖం వేసే షాపులో కొనకండి. పాస్‌వర్డ్ మార్చండి, అప్‌డేట్ వస్తే వేసుకోండి, పడకగదిలో కెమెరా పెట్టకండి. అసలు అక్కడ ఎందుకు పెడతారో నాకైతే అర్థం కాదు.

"నెట్ పోతే రికార్డు ఆగిపోతుంది" అన్నది, రికార్డర్ గానీ మెమరీ కార్డు గానీ ఉంటే, తప్పు. రోడ్డు పనుల్లో ఫైబర్ తెగిందనుకోండి, బయటి ఊరి నుంచి ఫోన్‌లో చూడలేరు, నిజమే. కానీ ఇంట్లో కెమెరా నుంచి రికార్డర్‌కు వెళ్లే దారి మీ రౌటర్ మీదుగానే, దానికి బయటి నెట్‌తో పని లేదు. కెమెరాలోనే మెమరీ కార్డు ఉంటే అసలు రౌటర్ కూడా అక్కర్లేదు. 1 ఎంబీపీఎస్‌లో ఆపకుండా రికార్డు చేస్తే రోజుకు దాదాపు 11 జీబీ అవుతుంది, అంటే 128 జీబీ కార్డులో పది పదకొండు రోజులు వస్తుంది, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమంటే ఇంకా ఎక్కువ.

పేపర్లో దొంగతనం వార్తలు చదివేవాళ్లకు "పోతూపోతూ డీవీఆర్ కూడా ఎత్తుకెళ్లారు" అన్న వాక్యం కొత్తేమీ కాదు. అల్మారాలో ఉన్న ఆ ఒక్క డబ్బా పోతే ఎనిమిది కెమెరాలు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. నెట్ కెమెరా అయితే ఒక కాపీ కార్డులో, ఒకటి రికార్డర్‌లో, కావాలంటే ముఖ్యమైన క్లిప్పులు క్లౌడ్‌లో (నెట్‌లో కంపెనీ సర్వర్లలో) ఉంచుకోవచ్చు, పైగా అర్ధరాత్రి షట్టర్ దగ్గర మనిషి కదిలిన నిమిషంలోనే ఫోన్ మోగుతుంది. పాత డీవీఆర్ సెట్టు ఎక్కువగా పనికొచ్చేది పొద్దున్నే కూర్చుని ఏం పోయిందో చూసుకోవడానికి.

అయితే వైఫైకి హద్దులున్నాయి. మన వైపు పాత మిద్దె ఇళ్లలో మూరెడు మందం రాతి గోడలు, వాటిని దాటేసరికి సిగ్నల్ సగం చచ్చిపోతుంది. వైఫైని కావాలని చెడగొట్టే పరికరాలూ ఉన్నాయి. అందుకే నగల షాపుకో, మెయిన్ గేటుకో నేను కేబుల్ కెమెరానే పెట్టమంటాను, అద్దె ఇంటికీ, గోడలు తొలవనివ్వని ఓనర్ ఉన్న చోటికీ వైఫై.

కరెంటు మాటకొస్తే, పోయినప్పుడు డీవీఆర్ మాత్రం నడుస్తుందా ఏంటి? వైఫై కెమెరా తీసుకునేది ఐదు వాట్ల లోపో అటూఇటుగానో, నెలంతా నడిపినా మూడు నాలుగు యూనిట్లు దాటదు. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ లాంటిదే దీనికీ ఒకటి పెడితే మామూలు కోతలు గట్టెక్కుతాయి.

అసలు వైర్‌లెస్ విలువ తెలిసేది తోటల దగ్గర. నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటలున్నవాళ్లను అడగండి, బోరు మోటారు కేబుల్ కోసుకుపోయి అందులో రాగి అమ్ముకునేవాళ్లతో ఎంత టెన్షనో చెబుతారు. అక్కడ వైఫై ఉండదు, సేద్యం కరెంటు ఇచ్చేది ఎక్కువగా పగలే. అలాంటి చోట సిమ్ వేసే సోలార్ కెమెరా సరిపోతుంది, చిన్న ప్యానెల్, లోపల బ్యాటరీ, ఎండకు మన జిల్లాలో కొదవా? ఊర్లో నుంచి తోటకు కేబుల్ లాగి డీవీఆర్ పెట్టమని ఆ మెసేజ్ రాసినాయన్ను ఒకసారి చూపించమనండి. ఒక లోపం మాత్రం ఉంది. బ్యాటరీ కెమెరాలు చాలావరకు నిద్రపోతూ ఉంటాయి, కదలిక తగిలాక లేస్తాయి, కాబట్టి మొదటి ఒకటి రెండు సెకన్లు పోవచ్చు. మోటారు స్టార్టర్ డబ్బాకు మరీ దగ్గరగా కాకుండా, మనిషి నడిచి వచ్చే దారి వైపు తిప్పి పెట్టండి.

నెలనెలా డబ్బు అంటే, క్లౌడ్ కావాలంటేనే. కార్డుకూ రికార్డర్‌కూ చందా లేదు. ఓఎన్‌వీఐఎఫ్ అనే ఉమ్మడి పద్ధతిలో పనిచేసే కెమెరా తీసుకుంటే ఒక కంపెనీ కెమెరాను ఇంకో కంపెనీ రికార్డర్‌కు కలుపుకోవచ్చు, ఎవరికీ కట్టుబడి ఉండక్కర్లేదు.

కోర్టు సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. దాని కాపీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. డీవీఆర్ వీడియోకైనా వైఫై కెమెరా వీడియోకైనా ఇదే రూలు. చట్టం కెమెరాకు వైరు ఉందా అని అడగదు. అవసరమైన క్లిప్‌ను వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి ఒరిజినల్ చెరిపేయకండి, చిక్కంతా అక్కడే వస్తుంది.

చివరిగా, పోలీసులే వద్దంటున్నారట. మన ఆంధ్ర పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అని ఒక యాప్ తెచ్చి ఏళ్లయింది. ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవాళ్లు అందులో చెబితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు, లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ వెళ్తుంది. డీవీఆర్ మోసుకొచ్చి గోడలకు మేకులు కొట్టి పెట్టేది కాదు అది, నెట్ మీద నడిచే కెమెరానే.