ఊరికే దొరికే ఫొటోను డబ్బుపెట్టి కొనడమెందుకు?

న్యూయార్క్‌లోని డౌన్‌బీట్ క్లబ్బులో 1947 ఫిబ్రవరి ప్రాంతంలో విలియం గాట్లీబ్ తీసిన బిల్లీ హాలిడే ఫొటోను ఇవాళ ఎవరైనా పైసా చెల్లించకుండా తెచ్చుకోవచ్చు. తల వెనక్కి వాల్చి, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని పాడుతున్న గాయని ముఖం అది. 1938 నుంచి పదేళ్లపాటు ఆయన తీసిన జాజ్ కళాకారుల చిత్రాలు 1,600 దాకా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు 1995లో చేరాయి. గాట్లీబ్ కోరిక మేరకు 2010 ఫిబ్రవరి 16న వాటిపై కాపీరైట్ తొలగిపోయింది. అయినా ఆయన సంతకమున్న ప్రింట్లకు గిరాకీ పోలేదు. బొమ్మ ఊరికే దొరుకుతున్నప్పుడు సేకర్తలు డబ్బిచ్చి కొంటున్నది దేన్ని? సంగీత విద్వాంసుల ఛాయాచిత్రాల సేకరణను అభిమానుల సరదాగా తీసిపారేసేవారూ, కేవలం పెట్టుబడిగా లెక్కగట్టేవారూ ఈ ప్రశ్నను దాటవేస్తున్నారని నా అభిప్రాయం.

వారు కొంటున్నది ప్రింటును, అంటే నెగెటివ్ నుంచి కాగితంపైన ముద్రించిన ప్రతిని. సంగీతం తెలిసిన తెలుగువారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. త్యాగరాజ కృతి ఏ ఒక్కరి సొత్తూ కాదు, స్వరంతో సహా పుస్తకంలో దొరుకుతుంది. అయినా అదే కృతిని ఒక్కొక్క విద్వాంసుడి నోట వినడానికి మనం మళ్లీ మళ్లీ కచేరీకి వెళతాం. యవ్వనంలో పియానో విద్వాంసుడు కావాలనుకుని, తర్వాత కెమెరా పట్టిన ఆన్సెల్ ఆడమ్స్ సరిగ్గా ఇదే పోలిక తెచ్చాడు. ఆయన దృష్టిలో నెగెటివ్ స్వరకర్త రాసిపెట్టిన స్వరలిపి, ప్రింట్ దాని గానం. ఫొటోలు ముద్రించే చీకటిగది డార్క్‌రూమ్‌లో ఏ నీడను ఎంత ముదరనివ్వాలి, ఏ వెలుగును ఎక్కడ ఆపాలి, అంచుల్లో ఎంత కోసెయ్యాలి అన్న నిర్ణయాలన్నీ ఆ గానంలో భాగాలే.

ఛాయాగ్రాహకుడు ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ చిత్రమే ఇందుకు సాక్ష్యం. పైకెత్తిన పియానో మూత నల్లగా ఫ్రేమంతా ఆక్రమించి, పాశ్చాత్య స్వరలిపిలో స్వరాన్ని అర మెట్టు దించే ఫ్లాట్ గుర్తులా (♭) నిలబడుతుంది. స్వరకర్త ఎడమవైపు అడుగున, తల చేతికి ఆనించి, ఒక మూలకు ఒదిగి ఉంటాడు. నెగెటివ్‌లో ఇంకా చాలా ఉంది. న్యూమన్ చుట్టూ ఉన్నదంతా కోసేశాకే ఆ రూపం తేలింది. తీయించిన హార్పర్స్ బజార్ పత్రిక దాన్ని వేసుకోవడానికి నిరాకరించింది.

జాజ్ కళాకారులను తీసిన హెర్మన్ లెనార్డ్ సంగతి ఇంకాస్త నిదానంగా చెప్పుకోవాలి. కెనడాలో ఛాయాగ్రాహకుడు యూసుఫ్ కార్ష్ దగ్గర శిష్యరికం చేసి న్యూయార్క్ చేరిన ఈ యువకుడికి క్లబ్బు టికెట్టు కొనే స్థోమత లేదు. రిహార్సళ్లప్పుడు తీసిన ఫొటోలు యజమానులకిచ్చి, బదులుగా లోపలికి ప్రవేశం సంపాదించుకున్నాడు. 1948లో రాయల్ రూస్ట్ క్లబ్బులో శాక్సొఫోన్ పట్టుకుని కూర్చున్న డెక్స్‌టర్ గార్డన్‌ను, వెనుక నుంచి వెలుగు పడేలా దీపం అమర్చి తీశాడు. సిగరెట్ పొగ ఆయన తలపైన మేఘంలా తేలి ఉంటుంది. వాద్యం ఆగి ఉన్న క్షణమే అయినా ఊపిరి మీద బతికే ఆ సంగీతం కంటికి కనిపిస్తుంది. ఆ పొగలోని తెలుపు, బూడిద, నలుపు ఛాయల మధ్య సన్నని తేడాలే చిత్రానికి ప్రాణం. ఫోన్ తెరమీద అవన్నీ ఒకే మసకగా కలిసిపోతాయి, వెండి లవణాల పూత ఉన్న కాగితంపై వేసిన మంచి సిల్వర్ ప్రింటులో దేనికది విడిగా నిలుస్తుంది.

2005లో కత్రీనా తుపాను వరదలో న్యూ ఆర్లీన్స్‌లోని లెనార్డ్ ఇల్లు మునిగి, సుమారు 8,000 ప్రింట్లు పాడయ్యాయి. ఒక మ్యూజియం ఖజానాలో దాచిన నెగెటివ్‌లు మాత్రం క్షేమంగా ఉన్నాయి. నెగెటివ్ ఉంటే చాలదా అనేవారికి నా జవాబు ఇదే: ప్రింట్లతోపాటు, ఏ నెగెటివ్‌ను ఎలా ముద్రించాలో ఆయన రాసుకున్న లెక్కలు కూడా నీళ్లపాలయ్యాయి. కృతి మిగిలింది, దాన్ని పాడిన తీరుకు రాసిపెట్టుకున్న ఆనవాళ్లు పోయాయి.

చిత్రం తీసిన కాలంలోనే ముద్రించినదాన్ని వింటేజ్ ప్రింట్ అంటారు. మార్కెట్ దానికే పెద్దపీట వేస్తుంది. తర్వాతి కాలంలో ఛాయాగ్రాహకుడు స్వయంగా సంతకం చేసి, పరిమిత సంఖ్యలో తెచ్చినవి ఆ తర్వాతి వరుస. మరణానంతరం వారసులు వేయించినవి ఇంకా దిగువ. ఈ వరుసను నేను పూర్తిగా ఒప్పుకోను. పత్రిక గడువుకో, క్లబ్బు గుమ్మానికో హడావుడిగా వేసిన తొలి ప్రింటుకు చరిత్ర విలువ ఉంటుంది, నిజమే; కానీ చెయ్యి తిరిగిన తర్వాత అదే మనిషి తీరిగ్గా ముద్రించినదాంట్లో చాలాసార్లు సంగీతం ఎక్కువగా వినిపిస్తుంది. ఏది కొన్నా వెనుకవైపు చూడాలి: ముద్ర, సంతకం, తేదీ, ఎడిషన్ సంఖ్య (పరిమితంగా వేసినవాటిలో అది ఎన్నోదో), చేతులు మారిన వివరాలు. ప్రింట్ కొన్నంత మాత్రాన కాపీరైట్ కొన్నట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

మరొకటి, ముఖం ప్రసిద్ధమైనదా కాదా అన్నదాన్నిబట్టి ఎంచుకోవడం పొరపాటు. 1954లో ఫ్రాన్స్‌లోని ప్రాద్‌లో, స్పెయిన్ వదిలి వచ్చిన చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ను కార్ష్ వెనుక నుంచి తీశాడు. పాత మఠం రాతిగోడల మధ్య, ఎత్తున ఉన్న చిన్న కిటికీ వెలుగులో, చెల్లో వాయిస్తున్న వీపు తప్ప మనకు ముఖం కనిపించదు. అయినా ప్రవాసంలో ఉన్న ఆ కళాకారుడి ఒంటరితనం అందులో పూర్తిగా ఉంది.

ఇక మన సంగతి. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్, ఈమని శంకరశాస్త్రి వీణ, షేక్ చినమౌలానా నాదస్వరం, బాలమురళీకృష్ణ గాత్రం, ఇవన్నీ ఫొటో కాలంలోనివే. వారి చిత్రాలు సభల సంచికల్లో, క్యాసెట్ అట్టలపైన, సంగీత పాఠశాలల గోడలపైన ఎన్నోసార్లు అచ్చయ్యాయి. వాటి కింద విద్వాంసుడి పేరు ఉంటుంది, తీసినవారి పేరు చాలాసార్లు ఉండదు. పేరు లేని ప్రింటుకు విలువ కట్టలేం, అదే నెగెటివ్ నుంచి వేసిన మరో ప్రింటును వెతకలేం, నెగెటివ్ ఏ స్టూడియో అటకమీద ఉందో ఆరా తీయలేం. జాజ్ చిత్రాలు సేకరణలుగా నిలిచాయంటే, తీసినవారి పేర్లు వాటిని అంటిపెట్టుకుని ఉండటమే పెద్ద కారణం.

అందుకే తెలుగునాట ఈ సేకరణ వేలంపాటల్లో కాకుండా ఇళ్లలోనే మొదలవ్వాలని నా కోరిక. తాతగారి పెట్టెలో కచేరీ ఫొటో కనిపిస్తే ముందు వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఆమ్లం లేని కాగితంలో పెట్టి, కోస్తా ఉక్కపోతకు, ఎదురెండకు దూరంగా ఉంచండి. విద్వాంసుడు ఎవరు, పక్కవాద్యం ఎవరు, ఏ ఊరి సభ, తీసింది ఎవరు అన్నవి తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి, మెత్తని పెన్సిల్‌తో, నొక్కి కాకుండా, వెనుక అంచున రాయండి.