మహారాజశ్రీ ఫ్లూ టీకా గారి సముఖానికి

మహారాజశ్రీ ఫ్లూ టీకా గారికి హైదరాబాదు వాస్తవ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ క్షేమంగానే ఉన్నాము. తమరు కూడా మా వీధి మెడికల్ షాపు ఫ్రిజ్‌లో, కూల్‌డ్రింకు సీసాల సరసన, 2 నుంచి 8 డిగ్రీల మధ్య, కరెంటు పోనంతవరకు క్షేమంగా ఉంటారని తలుస్తాను.

ఫిర్యాదు చేసే అర్హత మా ఊరికి ఉన్నదా అని తమరు అడగవచ్చు. 2009 మే నెలలో దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది ఈ నగరంలోనే కనుక, ఆ మాత్రం అర్హత ఉన్నదనే అనుకుంటున్నాను.

తట్టు టీకా చిన్నతనంలో రెండుసార్లు పలకరించి వెళ్లిపోయి, దాదాపు జన్మంతా కాపలా కాస్తుంది. తమరు ఏటా రావాలి, వచ్చిన రెండు వారాలకు గాని పనిలో దిగరు, దిగిన నాటి నుంచే తగ్గుముఖం పడతారు. అమెరికాలో 2011-12 మొదలు 2014-15 దాకా నాలుగు సీజన్ల రోగులను పరిశీలించినవారు, ఫ్లూ వైరస్ రకాలైన హెచ్3ఎన్2 మీదా, బి మీదా తమ రక్షణ శాతంలోంచి నెలకు సుమారు 7 చొప్పునా, హెచ్1ఎన్1 మీద 6 నుంచి 11 చొప్పునా రాలిపోతున్నదని లెక్కగట్టారు. ఐదారు నెలల దాకా ఎంతో కొంత మిగిలే ఉన్నదని కూడా వారే తేల్చారు. అసలు మొదలే అంతంతమాత్రం: ఆ ఏడు తిరిగే వైరస్‌తో తమ పోలిక చక్కగా కుదిరిన ఏడాదుల్లో డాక్టరు దాకా పోవలసినంత జబ్బును తమరు ఆపేది 40 నుంచి 60 శాతం, పోలిక తప్పిన 2014-15లో అమెరికాలో 19 శాతమే. బంగారం కొట్టులో తరుగు మీద గంటసేపు బేరమాడే మేము, తమ తరుగు గురించి ఒక్క మాటైనా అడగకుండా చొక్కా చెయ్యి పైకి మడుస్తాము.

అయినా ఈ తరుగును సరిపెట్టుకోగలను. సరిపెట్టుకోలేనిది తమరు విచ్చేసే ముహూర్తం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలోనూ, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులోనూ తమ కూర్పును, అంటే తమరు ఏయే వైరస్‌ల ఆనవాళ్లు పట్టుకుని రావాలో, నిర్ణయిస్తుంది. పటం చూస్తే హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఫ్లూ పటం చూడదు. అది మా ఊరికి ప్రధానంగా వానలతో వస్తుంది, జనవరి, మార్చి నెలల మధ్య మరోసారి తొంగిచూస్తుంది. మాదాపూరులో నేను పనిచేసే కార్యాలయానికి మాత్రం విదేశీ మాతృసంస్థ తన దేశపు చలిని తలచుకుని అక్టోబరులో ఆదేశం పంపగా, ఇక్కడివారు గుమ్మానికి బెలూన్లు కట్టి 2024 నవంబరులో టీకా క్యాంపు పెట్టారు. నర్సు చేతిలోని పెట్టె మీద ఎ/విక్టోరియా/4897/2022, ఎ/థాయ్‌లాండ్/8/2022, బి/ఆస్ట్రియా/1359417/2021 అన్న వైరస్‌ల పేర్లు ఆవగింజలంత అక్షరాలలో ఉన్నాయి. ఫిబ్రవరిలో ఖాయం చేసిన ఆ ఆనవాళ్లను పట్టుకుని, మరుసటి ఏడాది జూలైలో, తరిగి తరిగి మిగిలిన బలంతో తమరు మా ఊరి వైరస్‌కు ఎదురు నిలవాలి. ఆ లోపల వైరస్ వేషం మార్చదా? పైగా తమలో చాలామంది కోడిగుడ్లలో తయారవుతారు; అక్కడ పెరిగే క్రమంలో హెచ్3ఎన్2 గుడ్డుకు అలవాటుపడి కాస్త రూపు మార్చుకుంటుంది కనుక, ఆనవాళ్లలో మొదటి తప్పు అక్కడే దొర్లుతుంది.

మృగశిర కార్తె నాడు చేప మందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరే జనాన్ని చూసి మా కార్యాలయంలో నవ్వుకుంటారు. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేని మాట నిజమే. కానీ తొలకరికి ముందే ఊపిరితిత్తుల సంగతి చూసుకోవాలన్న ఇంగితం ఆ వరుసలో నిలబడినవారికి ఉన్నది. రుజువున్న మందును చేతిలో పెట్టుకుని, వానలు వెలిసిన తరువాత బెలూన్లు కట్టే ఘనత మాది.

తమరి మీద పడే నిందలన్నీ న్యాయమైనవి కావని కూడా ఒప్పుకోవాలి. టీకా వేసుకున్నా జలుబు చేసిందని మా బాబాయి గారు ప్రతి పెళ్లిలోనూ ప్రకటిస్తారు. జలుబు చేయించేవి ముఖ్యంగా రైనోవైరస్‌లు. వాటితో తమరికి ఏ సంబంధమూ లేదు. టీకా దండగ అని తీర్మానించిన నోటితోనే ఆయన చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొని మూడు రోజులు మింగుతారు, అది ఏ వైరస్‌నూ తాకదని తెలియక. ఆయన వయసువారు ఫ్లూతో ఆసుపత్రిపాలు కాకుండా చూడటంలోనే తమ ఉపయోగం ఎక్కువ. అయితే సార్వత్రిక టీకా కార్యక్రమంలో తమరికి చోటు లేదు కనుక, నెల జీతమూ కార్యాలయపు క్యాంపూ ఉన్న మా బోటివారి భుజాలను తమరు ఉచితంగా వెతుక్కుంటూ వస్తారు, ఆయన మాత్రం డబ్బు కట్టి తమరిని వెతుక్కోవాలి.

కావున తమరు సెప్టెంబరులో ఖాయమైన దక్షిణార్ధగోళపు చీటీ అంటించుకునైనా సరే, ఏటా మే నెలలో, రోహిణి కార్తె ఎండలు ఉండగానే దయచేయవలసిందని ప్రార్థన. ఈ సంగతే మా కార్యాలయపు సిబ్బంది విభాగానికి విన్నవించుకోగా, ఈసారి కూడా క్యాంపు నవంబరులోనే ఉంటుందనీ, వచ్చినవారికి సమోసా, టీ ఇస్తారనీ జవాబు వచ్చింది.

చిత్తగించవలెను.